మనుషుల కోసం కొన్న సౌండ్‌బార్

మా ఆయన భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసేవాడు. మహబూబాబాద్‌కు, అంటే మా మానుకోటకు, వారానికొకసారి వచ్చేవాడు. మిషన్ల మోతలో బతికిన మనిషి కదా, అన్నంలోకి ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినిపించేది. "జర మెల్లగ మాట్లాడరాదయ్యా" అని కసురుకునేదాన్ని. ఆయన పోయాక కసురుకోవడానికి కూడా ఎవరూ లేక ఇల్లు మూగబోయింది.

అప్పుడే పాత డబ్బా టీవీ చెడిపోతే, గోడకు తగిలించే పలచని టీవీ కొన్నాను. బొమ్మ బ్రహ్మాండం. మాట మాత్రం గోడవతల ఎవరో గుసగుసలాడినట్టుండేది. స్పీకర్లు వెనకవైపు ఉంటాయట! టీవీలోవాళ్ళు గోడతో మాట్లాడుకుంటుంటే నేనేం వినాలి?

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. ఎదురింట్లో వీధంతా చేరి, టీవీ ముందు వార్తలు వింటూ వాదించుకునేవాళ్ళు. నన్నెవరూ రమ్మనలేదు. పిలవని చోటికి వెళ్ళే బుద్ధి నాకు లేదు. కానీ వాళ్ళ నవ్వులు వినిపిస్తుంటే ఈర్ష్యతో ఒళ్ళు మండేది. అందుకే ఒక ఉపాయం పన్నాను. నా టీవీ మాట వీధిలోకి వినిపించాలి, అది విని జనం రావాలి. నాకు కావలసింది మనుషులు.

జనగామలో పుట్టింటికి వెళ్ళినప్పుడు టీవీ స్పీకర్లమ్మే దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు పెద్ద డబ్బా ఉన్న సెట్టుకు పాట పెట్టాడు. నేల అదిరింది.

"గిదైతే ఇల్లు దద్దరిల్లుతది సూడక్కా."

"దద్దరిల్లుడు నాకెందుకన్నా? వార్తలు పెట్టు."

వార్తలు చదివే అమ్మాయి బావిలోంచి మాట్లాడినట్టుంది. మూలన సౌండ్‌బార్ అని, టీవీ కింద పెట్టుకునే సన్నటి స్పీకర్ ఉంటే అది కూడా పెట్టించాను. అన్నింటిలోకీ చవకది అదే. కానీ ఒక్కో మాటా విడివిడిగా, మనిషి పక్కన కూర్చుని చెబుతున్నట్టు వినిపించింది. ఇంకేం చూడలేదు, అదే తీసుకున్నాను. ఆ పొడుగాటి పెట్టెను రైల్లో ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే, ఎదురు సీటామె "సంటిపిల్ల లెక్క పట్టుకున్నవేందక్కా?" అని నవ్వింది.

వైర్లు నేనే కలిపాను. ప్రతి మాటా రెండుసార్లు వచ్చేది. ముందు టీవీ నుంచి, ఆ వెనకే సౌండ్‌బార్ నుంచి. అదంతే కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నచ్చింది కూడా, ఇంట్లో ఇద్దరున్నట్టుండేది.

ఢిల్లీలో తెలంగాణ బిల్లు మీద ఓటింగు జరిగే రోజు తలుపులు బార్లా తెరిచి సౌండు పెంచాను. నా పాచిక పారింది. ముందు ఎదురింటి అవ్వ వచ్చింది, వెనకే వీధిలోని ఆడవాళ్ళు, మగవాళ్ళు. "గిట్ల రెండు రెండుసార్లు మాట్లాడుతున్నరేందక్కా?" అంటూ ఒకామె రిమోట్ తీసుకుని టీవీ సొంత స్పీకర్ ఆపేసింది. మాట ఒక్కటైంది. అందరికీ చాయ్ పెట్టాను. గ్లాసులు చాలలేదు. నా ఇంట్లో గ్లాసులు చాలకపోవడం ఎంత బాగుందో చెప్పలేను.

ఇంతలో లోక్‌సభ నుంచి ప్రసారం ఆగిపోయింది.

"కరెంటు వోయిందా?" అంది అవ్వ.

"కరెంటు వోలేదవ్వా, ఆళ్లే బంద్ జేసిండ్రు," అన్నారెవరో.

మాట్లాడని సౌండ్‌బార్ వైపు చూస్తూ అందరం కూర్చున్నాం. చివరికి ఒకాయన ఫోన్ మోగింది. "పాసయ్యింది! తెలంగాణ వొచ్చింది!" అని ఆయన అరిచాడో లేదో, అందరూ బయటికి ఉరికారు. వాళ్ళతోపాటు నేనూ.

వీధిలో ఆడవాళ్ళు ఒకరి ముఖానికొకరు గులాల్ పూసుకుంటున్నారు. నేనూ వెళ్ళి నవ్వుతూ నిలబడ్డాను. అవ్వ గులాల్ తీసుకుని నా వైపు చెయ్యెత్తింది. బొట్టు లేని నా నుదురు చూడగానే ఆ చెయ్యి గాలిలోనే ఆగింది. మొగుడు పోయి ఏడాది తిరగని ఆడదానికి మా వీధిలో రంగు పూయరు. "ఏమనుకోకు బిడ్డా" అంటూ ఆ గులాల్ నా అరచేతిలో పోసి, పక్కామె వైపు తిరిగింది.

పిడికిలి బిగించి లోపలికి వచ్చాను. టీవీ మళ్ళీ మాట్లాడుతోంది. తెలంగాణ వాళ్ళందరికీ ఇది పండుగ రోజని చెబుతోంది. ఒక్క మాట కూడా పొల్లుపోకుండా వినిపించింది. ఏడుపొచ్చింది. తెలంగాణ వచ్చిన సంతోషమూ అందులో ఉంది, అబద్ధమాడను. అద్దం ముందు నిలబడి రెండు బుగ్గలకూ నేనే గులాల్ పూసుకుని, ఆ ముఖంతోనే మళ్ళీ వీధిలోకి వెళ్ళాను.

నేను నిలబడటానికి అందరూ పక్కకు జరిగి చోటిచ్చారు. కాస్త ఎక్కువే జరిగారు.