తాజ్ మొదటి ఎంపిక

సిడ్నీ ఆఫీసులో తాజ్‌ది పాత ప్రోగ్రాములు సరిచేసే పని. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని భయపెట్టిన వైటూకే వచ్చిన రోజు ఏదీ ఆగిపోలేదు కనుక అతన్ని ఎవరూ తలుచుకోలేదు. చప్పట్లన్నీ వెబ్‌సైటు చేసిన భానుప్రసాద్‌కే. అమెరికా బాసు అలవాటు చేసిన వాళ్ల దేశపు ఫుట్‌బాల్‌లోనూ, బంతి పట్టి ఉరికే రిసీవర్లంటే తాజ్‌కు గిట్టదు. "అడ్డం నిలబడే లైన్‌మన్ లేకుంటే వీనికి బాల్ ఎక్కడిది?" అంటూ టిఫిన్ మూతను అరచేత్తో నొక్కుతాడు. ఏప్రిల్‌లో, ఆ ఫుట్‌బాల్‌లోకి వచ్చే కొత్త ఆటగాళ్లను తలా ఒకరిగా చీటీల మీద ఎంచుకునే ఆఫీసు ఆటలో మొదటి వంతు అతనికే వచ్చింది. భాను ఆశపడ్డ రిసీవర్ పేరే తాజ్ చెప్పేశాడు.

"అదేంటి తాజ్ భాయ్, ఎప్పుడూ లైన్‌మన్ అనేవారుగా?"

"ఈ ఒక్కసారి బాల్ నా దగ్గర ఉండనియ్యి."

"అయితే మీరు వదిలేసిన లైన్‌మన్ నాకు. నో వర్రీస్!" భాను నవ్వుతూ చీటీ మీద రాసుకున్నాడు.

తాజ్ తెరవని టిఫిన్ మూతను మళ్లీ మళ్లీ నొక్కుతూ ఆ చీటీకేసే చూస్తుండిపోయాడు.