వండిన లోలకం

మా అమ్మమ్మకు ఇంట్లో వంట చేతకాదు. కాలేజీలో ఇంకెవరైనా వంట చేస్తే అసలే పడదు. ఆ రెండో వంట సంగతి వేరు. ఫిజిక్స్ ల్యాబులో ప్రయోగం చేయకుండా, పుస్తకంలో ఉన్న జవాబు పట్టుకుని వెనక్కి లెక్కగట్టి రీడింగులు రాసుకోవడాన్ని పిల్లలు ‘వండటం’ అంటారు. ఫిజిక్స్ లెక్చరర్‌గా ఆవిడ ఉద్యోగమంతా “ఇది చూసి రాశావా, వండావా?” అని అడగడంతోనే గడిచింది. వండినట్టు తేలితే “మళ్లీ చెయ్” అనేది. అందుకే ఆవిడ వెనక అందరూ ‘మళ్లీ మేడమ్’ అంటారు. ముందు మాత్రం ఎవరూ అనరు, బతకాలి కదా.

ల్యాబులోకి కంప్యూటర్లు రావాలని అందరితో పోట్లాడి తెప్పించింది కూడా ఆవిడే. కాగితం మీద తెగని లెక్కలు ఫిజిక్సులో బోలెడున్నాయట. వాటిని కాలంలో చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి మెషీన్ చేత నడిపించాలట. ఇది పైకి చెప్పిన కారణం. లోపల ఇంకో ఆశ ఉంది.

“మెషీన్‌కి మార్కులక్కర్లేదు, నేనంటే భయం లేదు. అదెందుకు వండుతుందండీ?” అంది తాతయ్యతో.

“దాని ముందు కూర్చునేది మళ్లీ ఆ పిల్లలేగా,” అన్నాడు తాతయ్య పేపరు తిప్పుతూ.

తనకు నచ్చని మాట చెవిన పడనట్టు ఉండటంలో అమ్మమ్మది అందె వేసిన చెయ్యి.

పరీక్షలు దగ్గరపడ్డాక, పిల్లల్ని పరీక్షించడానికి బయటి నుంచి ప్రొఫెసర్ వస్తున్నాడని డిపార్ట్‌మెంట్ హెడ్డు ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. ఆయన ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాడు. వస్తే ఏదో ఒకటి బాగు చేయించమని అమ్మమ్మ అడుగుతుందని భయం.

“గ్రాఫులు నీట్‌గా ఉండాలి మేడమ్. ఆయనకి నచ్చకపోతే ఈ క్లాసు కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ వాళ్లకిచ్చేద్దామంటున్నారు పైవాళ్లు.”

“వాళ్లకి ప్రోగ్రాం వచ్చు, పెండ్యులం రాదు సార్.”

“మీ పిల్లలకి రెండూ రావట్లేదు కదండీ.”

ఆ మాట నిజమని అమ్మమ్మకూ తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. క్లాసు చేజారిపోతుందేమోనన్న దిగులుతో విసవిసా నడిచి తెరలన్నీ చూసింది. ప్రతి తెర మీదా లోలకం ఊగిన గ్రాఫు అచ్చు గుద్దినట్టు ఉంది, ఒక్క వంకర లేదు. ముచ్చటపడబోయి ఆగింది. ఇంతమంది గ్రాఫులు కవల పిల్లల్లా ఉంటే ముచ్చటపడేంత అమాయకురాలు కాదు. ప్రోగ్రాం తెరిచింది.

ఎప్పుడో చదువు ముగించి వెళ్లిపోయిన సీనియర్ రాసిన ప్రోగ్రాం అది. పైన పేరు మార్చుకుంటూ ఏటేటా చేతులు మారుతూ వచ్చింది. దాని నడుమ ఒక లైను ఉంది. లోలకం మొదట వదిలిన కోణం కంటే పైకి పోతే, పోలేదని రాసుకోమంటోంది.

“ఎవరు పెట్టారిది?”

“ఎప్పట్నుంచో ఉంది మేడమ్.”

“ఎందుకుందో?”

చివరి వరసలో, మాట ఎప్పుడూ పళ్ల సందునే ఉంచుకునే అమ్మాయి ఉంది. తోటివాళ్లు ఆమెను నసుగుడు అంటారు. ఆ అమ్మాయే అంది, “తీసేస్తే పెండ్యులం పైపైకి పోతుంది మేడమ్. తప్పు కదా. అందుకే... వండారు.”

అమ్మమ్మ కుర్చీలో కూలబడింది. ఆ లైను తీసి నడిపించింది. లోలకం ఎవరూ తొయ్యకుండానే ఊపుఊపుకీ పైకెక్కి, చివరికి ఫ్యానులా గిరగిరా తిరగడం మొదలెట్టింది.

“మెషీన్ చేత కూడా వండించారండీ,” అంది ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా.

తాతయ్య నవ్వు దాచుకోవడానికి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “ఆ లైను ఉంచేస్తే నీ క్లాసు నీకుంటుందిగా.”

“ఉండి ఏం చేసుకోను?”

“పోనీ, పైకెక్కని పద్ధతేదో నువ్వే చెప్పెయ్.”

“ఉంది. చెబితే అదీ కాపీ కొడతారు. ముందు ఎందుకెక్కుతోందో వెతుక్కోనీండి.”

మర్నాడు అందరి ప్రోగ్రాముల్లోంచీ ఆ లైను తీయించింది. “మళ్లీ చెయ్యండి,” అంది. పిల్లల గొణుగుడు గుమ్మం దాకా వినిపించింది.

పరీక్ష రోజు ప్రొఫెసర్ ఒక్కో తెరా చూస్తూ వచ్చాడు. అన్ని లోలకాలూ పైకెక్కుతూనే ఉన్నాయి. హెడ్డు ఆ రోజు తప్పనిసరై గుమ్మం దాటాడు, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ప్రొఫెసర్ వెళ్లి వెళ్లి నసుగుడు ముందే ఆగాడు. అమ్మమ్మ కిటికీ వైపు తిరిగింది.

“ఏమ్మా, తొయ్యకుండా పెండ్యులం ఇంత పైకెలా పోయింది?”

“పోలేదు సార్.”

“కనబడుతోందిగా.”

“అది మెషీన్ తప్పు సార్. అడుగు మొదట్లో ఉన్న వేగమే అడుగంతా ఉంటుందనుకుంటుంది. అలా కొంచెం ముందుకి తూలుతుంది. ఆ తూలుడంతా పోగవుతుంది.”

“ఎలా తెలుసు?”

“అడుగు సగం చేశా సార్. ఎక్కడం తగ్గింది. ఇంకా సగం చేశా. ఇంకా తగ్గింది. నిజంగా పెండ్యులమే ఎక్కుతుంటే, నా అడుగు చిన్నదైతే దానికేంటి సార్?”

ఆ అమ్మాయి నోటి నుంచి అన్ని మాటలు ఒకేసారి రావడం ఎవరూ ఎరగరు.

ప్రొఫెసర్ వరండాలోకి వెళ్లి ఫోను తీశాడు. ఆయన నక్షత్రాల గుంపుల మీద పరిశోధన చేస్తాడు. గుంపులు కాలం గడిచేకొద్దీ విచ్చుకుపోతాయని కంప్యూటర్లో నడిపించి కొత్తగా కనిపెట్టి, అచ్చుకు పంపబోతున్నాడు. అవతల ఉన్నది ఆయన దగ్గర పరిశోధన చేసే కుర్రాడు.

“మన ప్రోగ్రాంలో అడుగెంత పెట్టావయ్యా?... సగం చేసి చూశావా?... నీ ముందువాళ్లు పెట్టిందేనంటావేంటి, నువ్వు చూశావా లేదా?... సరే, పంపకు. ఆపు. ఆపమన్నానా.”

లోపలికి వచ్చేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “ఈ క్లాసు ఎవరికీ ఇవ్వకండి. మేడమ్ దగ్గరే ఉండనివ్వండి,” అన్నాడు హెడ్డుతో.

“అలాగే సార్. వచ్చే ఏడాదీ మేడమే. ఈ పిల్లలతో పాటు కింది బ్యాచీ కూడా మేడమ్‌కే ఇస్తాం,” అన్నాడు హెడ్డు, ఊపిరి పీల్చుకుని.

అమ్మమ్మ సంతోషించడానికి నోరు తెరిచింది. వండటంలో వీళ్లని మించిపోయిన ఆ కింది బ్యాచీ ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నోరు మూసుకుని, అక్కడే ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.