మా అక్క చెప్పిన అబద్ధం

మా చిన్నప్పుడు... కోతలైపోయి ధాన్యం మిల్లుకి చేరాక, పని కాస్త తెరిపిచ్చిన పూట నాన్నమ్మ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లేది. బస్తాలు తూచే పెద్ద కాటా మీద పిల్లలందరినీ ఒక్కొక్కరినే నిలబెట్టి తూయించేది. నాన్న ఆ మిల్లులోనే గుమాస్తా, అందుకని ఎవరూ ఏమనేవారు కాదు.

ఎవరు ఎక్కువ తూగితే వాళ్లే గొప్ప మా నాన్నమ్మకి. ప్రతి ఏడూ నేనే గెలిచేవాణ్ణి... "మావాడికి తిన్నది ఒంటికి పడుతుందర్రా" అని వీధంతా చెప్పుకొచ్చేది. అక్క పుల్లలా ఉండేది. పాలదాకలో గోకిన మీగడలో తన వాటా కూడా నా కంచంలోకి తోసేసి, "తినరా, ఈ ఏడు కూడా నువ్వే" అనేది. ఒక్కసారైనా నేను వద్దనలేదు.

పెద్దయ్యాక మిల్లు మూతపడింది గానీ నా తిండికి అడ్డు లేకపోయింది. ఎవరైనా "ఒళ్లు చేశావే" అంటే మురిసిపోయేవాణ్ణి కూడా.

కిందటేడు అక్క కిడ్నీలు రెండూ పాడయ్యాయి. నేనిస్తానని రొమ్ము విరుచుకుని రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు మెల్లగా చెప్పారు... "అన్నీ కలిశాయండి. కానీ ఈ బరువుతో మీ కిడ్నీ తీసుకోలేం. ఇంత ఒంటికి మీ రెండు కిడ్నీలూ ఇప్పటికే ఎక్కువ పని చేస్తున్నాయి. ఒకటి తీసేస్తే రెండోదాని మీద భారం పడిపోద్ది. ముందు తగ్గి రండి."

ఆయన ఆ మాట చెప్పి పది నెలలైంది. నాలుగు కిలోలు తగ్గాను... ఒక పెళ్లి, ఒక గృహప్రవేశం అయ్యేసరికి ఐదు పెరిగాను. రాయడానికే సిగ్గుగా ఉంది. అక్క మాత్రం వారానికి మూడుసార్లు బస్సెక్కి డయాలసిస్‌కి వెళ్లొస్తోంది.

మొన్న చుట్టాలింట్లో మా పెద్దమ్మ అడిగింది. "తమ్ముడున్నాడు కదే, ఇవ్వకూడదా?"

అక్క నా వంక చూడకుండా, "ఇస్తానన్నాడు పెద్దమ్మా, గ్రూపు కలవలేదు" అంది.

పెద్దమ్మ నా భుజం తట్టి, "నువ్వు మాత్రం ఏం చేస్తావులే నాయనా" అంది. నేను తల వంచుకుని "అవును పెద్దమ్మా" అన్నాను... ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికి.

అప్పట్లో పిల్లాడు ఒళ్లు చేస్తే దిష్టి తీసేవారు, ఇంకో ముద్ద పెట్టేవారు... అది చెరుపని ఎవరికీ తెలియదు. నాకు తెలిసీ పది నెలలైంది. మీ ఇళ్లలోనూ ఇలా తూచి మురిసిపోయిన పెద్దలుంటే రాయండి, చదువుతాను.

మావాళ్లంతా ఇది చూస్తారని తెలిసే రాస్తున్నాను... గ్రూపు కలిసింది పెద్దమ్మా.