మెరుపు వైపు పడిన రంగు

గాలానికి ఎరగా కట్టడానికి ఖాదర్ బాషా గారు తయారుచేసే ఇత్తడి రేకుకు కొల్లేటి కాలువలో మొదటి కొర్రమీను పడటానికి పదకొండు నెలలు పట్టింది. పడింది మాత్రం మూడు కిలోలది! ఆ తర్వాత గణపవరంలో గాలం వేసేవాళ్లు కూడా రేకుల కోసం భీమడోలు వచ్చి ఆయన గుమ్మం తొక్కారు. దొప్పలా వంచిన రేకుకు వీపు వైపే ఎర్ర రంగు పూస్తారాయన. చేప ఎగబడేది లోపలి మెరుపుకే. చింతపండుతో తోమాక రేకుకు వేలు తగలనివ్వరు, జిడ్డంటితే రంగు పట్టదని. పట్టకారుతోనే తిప్పుతారు.

ఈమధ్య రేకును ముక్కుకు ఆనించి మరీ చూస్తున్నారు. కంటి ఆపరేషన్ మాటెత్తితే భార్య ఆబిదా మీద కసురుకుంటారు. మంగళవారం ఆరిన రేకులు తీయబోయి ఆవిడ గతుక్కుమంది. “ఏవండీ, పన్నెండూ మెరుపు వైపే పూశారండీ.” “వేళాకోళమా?” అని లాక్కుని బొటనవేలితో తడిమారు. గుంటలోనే రంగు నున్నగా తగిలింది. వేలు అక్కడే ఆగిపోయింది. “నా చెయ్యి తప్పిందా, ఆబిదా?” “చెయ్యి నిక్షేపంగా ఉందండీ. కన్నే.” మర్నాడు ఏలూరు ఆసుపత్రికి బయల్దేరుతూ ఆవిడ తలుపు మీద సుద్దతో ‘ఊళ్లో లేరు’ అని రాస్తుంటే, ఆయన మెట్టు దిగినవారల్లా వెనక్కి వచ్చారు. “తిరిగొచ్చే తేదీ కూడా వెయ్యి. లేకపోతే ఖాదర్ పని అయిపోయిందనుకుంటారు.” ఆబిదా వేసింది: మార్చి ఇరవై రెండు.