మిడత గుర్తు కాగితాలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకముందే మా అమ్మాయి నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఒళ్ళో బరువైన కట్ట ఒకటి పెట్టింది. కళ్ళు తెరిచి చూద్దును కదా, మా ఆయన ఇన్నేళ్ళుగా ప్రాణంలా దాచుకున్న చాకుల కంపెనీల కాగితాలన్నీ, ప్రకటనల అట్టలు, ధరల పట్టికలు, క్యాలెండర్లు, చివరికి చాకు చుట్టి ఇచ్చే నూనె కాగితాలు కూడా, ఒక్కొక్కటీ రెండు ప్లాస్టిక్ పొరల మధ్య అతుక్కుపోయి తళతళలాడుతున్నాయి. కొండాపూర్‌లో మా వీధి చివర జిరాక్స్ దుకాణం ఒకటుంది; తన పదో తరగతి సర్టిఫికెట్టు లామినేషన్ చేయించిన చోటే వీటినీ చేయించిందట. మందంగా ఉన్న అట్టలు యంత్రంలో దూరకపోతే వెనకవైపు ఒలిచి పలచన చేయించి మరీ చేయించిందట. మన ఇళ్ళలో ఒక కాగితం మీద మమకారం ఎక్కువైతే చేసే పని అదే కదా. దాని మొహంలో వెలుగు చూసి, బాగుందమ్మా అన్నాను. లోపల మాత్రం అయ్యో అనుకున్నాను. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

నాది గుంటూరు వైపు. నర్సు చదువుకని ఈ ఊరొచ్చి, ఇక్కడే ఒక దవాఖానలో ఆపరేషన్ థియేటర్లో ఉద్యోగానికి కుదిరాను. చర్చిలో పెద్దవాళ్ళు చూసి కుదిర్చిన సంబంధం మాది. ఆయన వాళ్ళది హఫీజ్‌పేట్, రైలు స్టేషన్‌కి దగ్గర్లో పెంకుటిల్లు. జీడిమెట్లలో మడత చాకులు చేసే చిన్న కర్మాగారం ఒకటుండేది, ఇప్పుడు లేదు లెండి, అందులో ఆయన సేల్స్‌మన్. రేకు పెట్టెలో నమూనా చాకులు పెట్టుకుని బస్సులెక్కి జిల్లాలన్నీ తిరిగి, ఇనుప సామాన్ల దుకాణాలకూ కిరాణా కొట్లకూ సరుకు ఒప్పించి రావడం ఆయన పని. మన తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, అప్పట్లో మడత చాకు లేని జేబు అరుదు. పెన్సిలు చెక్కడానికీ, మామిడికాయ కోయడానికీ, మూట మీది పురికొస తెంపడానికీ అదే. వాళ్ళ చాకు మీద మిడత బొమ్మ ఉండేది. కాళ్ళు మడిచి కూర్చునే పురుగు గనక మడత చాకుకు ఆ గుర్తు పెట్టారని ఆయన ప్రతి దుకాణంలోనూ చెప్పేవారట, నాకూ పెళ్ళిచూపుల్లోనే చెప్పారు.

పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం నేను దోసకాయ తరుగుతుంటే, జర కత్తి ఇటియ్యి అని ఆయన అడిగితే చేయి చాపి ఇవ్వబోయాను. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. వసారాలోంచి మా అత్తగారు, కత్తి చేతికియ్యొద్దు బిడ్డా, కింద పెట్టు, వాడే తీస్కుంటడు, చేతికిస్తే తగవులొస్తయి అని కేకేశారు. బాప్తిస్మం తీసుకున్నా కత్తి పట్టింపు మాత్రం వదల్లేదని పాస్టరుగారు ఆవిణ్ణి ఎప్పుడూ ఆట పట్టించేవారు. నాకైతే నవ్వాగలేదు. పొద్దస్తమానం థియేటర్లో డాక్టర్ల చేతుల్లో కత్తులు పెట్టడమే నా ఉద్యోగం; వాళ్ళతో తగవులు వచ్చిన మాట నిజమే గానీ అవి కత్తుల వల్ల వచ్చినవి కావు. ఊరుకోలేక, మరి మీరు ఊరూరా తిరిగి దుకాణాల వాళ్ళ చేతుల్లో పెడుతున్న చాకుల సంగతేమిటండీ అని నిలదీశాను.

"బయటోళ్ళకు చేతికే ఇస్త," అన్నారాయన, నా వైపు చూడకుండా దోసకాయ ముక్క నోట్లో వేసుకుంటూ. "ఆళ్ళతోని తగవైతే కానీ, ఫికర్ లేదు. నీతోని కావొద్దు."

మా ఆయన మాటకారి కాదు. సరుకు గురించి తప్ప నాలుగు మాటలు వరసగా చెప్పలేరు. ఆయన నాతో అన్న మొదటి ప్రేమ మాట అదేనని నేను లెక్క వేసుకున్నాను, ఆ తర్వాత అంతకంటే మంచిది కూడా ఏదీ రాలేదు.

ఇక కాగితాల పిచ్చి ఎప్పుడు మొదలైందో నేను సరిగ్గా చెప్పలేను. మొదట తమ కంపెనీవే, పాడైపోకుండా ఒక్కో ప్రతి ఇంటికి తెచ్చేవారు. తర్వాత పోటీ కంపెనీలవి, మూతపడ్డ కంపెనీలవి, సముద్రం అవతలి నుంచి ఏనాడో వచ్చిన ఇంగ్లీషు ధరల పట్టికలు. పాత దుకాణం గోడ మీద మసిబారిన చాకు ప్రకటన కనబడితే చాలు, సరుకు సంగతి మరిచి యజమానిని బతిమాలుకుని, తడిగుడ్డతో అద్ది అద్ది జిగురు నానబెట్టి, చాకు మొనతోనే అంచులు లేపి, పెచ్చు ఊడకుండా తీసి చుట్టుకొచ్చేవారు. చాకులు మాత్రం దాచుకునేవారు కాదు. చాకుదేముంది, అరిగేదాకా వాడుకోవాలి, దాన్ని అమ్మడానికి మనిషి ఎంత తంటాలు పడ్డాడో కాగితంలో ఉంటుంది అనేవారు. ఆ పెట్టె తెరిస్తే గది నిండా యంత్రాల నూనె, పాత జిగురు, లవంగాలు కలిసిన వాసన కమ్ముకునేది. పురుగు పట్టకుండా లవంగాలు నేనే వేసేదాన్ని, విసుక్కుంటూనే.

ఆదివారం మధ్యాహ్నం పూట మంచం మీద దుప్పటి పరిచి ఒక్కొక్కటీ గాలికి పెట్టేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బొటనవేలితో అంచు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకునే ఇది ఫలానా ఊరి దుకాణంలోది అని చెప్పేవారు. చూడమని ఇచ్చేటప్పుడు మాత్రం నా చేతికి ఇచ్చేవారు కాదు. దుప్పటి మీద పెడితే నేను తీసుకోవాలి. అదేమిటండీ, కాగితమే కదా అంటే, కాగితం మీదున్నా కత్తి కత్తే అనేవారు. తగవులు మాకు కత్తి సాయం లేకుండానే బోలెడు వచ్చాయనుకోండి, పోట్లాడుకుని మాట్లాడుకోని రోజుల్లో కూడా ఆయన కాగితం కింద పెట్టేవారు, నేను తీసుకునేదాన్ని, అలాగే మాటలు కలిసేవి.

జీడిమెట్ల కర్మాగారం మూతపడినప్పుడు మిగిలిన ముద్రణ కాగితమంతా పెరట్లో తగలబెడుతుంటే అందినంత గోనెసంచిలో నింపుకుని వచ్చారు. ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత వేరే వేరే కంపెనీల సరుకులు అమ్మారు గానీ దేని కాగితమూ ఇంటికి తేలేదు. గుండ్రాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని కొండాపూర్‌లో మేము చిన్న జాగా కొంటే చుట్టాలు నవ్వారు. ఆ జాగాలోనే ఇప్పుడు ఈ ఫ్లాట్లు లేచాయి, బాల్కనీలోంచి చూస్తే అద్దాల మేడలే. ఆ పెట్టె మాత్రం ప్రతి ఇల్లూ మారి మాతో వచ్చింది.

ఆయనకు మరపు మొదలైనప్పుడు అందరికంటే ముందు నాకే తెలిసింది, తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాను. ఇలాంటి మనుషుల్ని ఎంతమందిని చూసుంటాను, ముందేం పోతుందో తర్వాతేం పోతుందో నాకు తెలుసు, తెలియకపోతేనే బాగుండేది. అమ్మాయి పేరు పోయింది. ఇది తన ఇల్లన్న సంగతీ పోయింది; హఫీజ్‌పేట్ పోదాం పట్టు, మా అమ్మ చూస్తుంటది అంటారు. నన్ను సిస్టర్ అని పిలవడం మొదలుపెట్టారు. సిస్టర్‌నే కదా, ఉద్యోగమంతా ఆ పిలుపు విన్నదాన్నే, ఆయన నోట వింటే మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. కానీ పెట్టె ముందు కూర్చుంటే ఆయన ఆయనే. ఊళ్ళ పేర్లు వచ్చేవి. కాగితం వాసన చూసి, నవ్వి, దుప్పటి మీద పెట్టి, తీసుకో అన్నట్టు గడ్డం ఆడించేవారు. నా పేరు గుర్తుందా లేదా అని నేనెప్పుడూ పరీక్ష పెట్టలేదు. ఆ కాగితం నా చేతికివ్వకుండా కింద పెట్టినంతకాలం నేను ఆయనకు ఇంటిమనిషినే, బయటిదాన్ని కాను. నాకు అది చాలు.

ఈ చలికాలంలో అమ్మాయి తన ఆఫీసులో కుటుంబాలందరినీ పిలిచారని హైటెక్ సిటీ తీసుకువెళ్ళింది. గేటు దగ్గర ఇనుము పసిగట్టే యంత్రం కూయగానే కాపలా అతను మర్యాదగానే, జేబులో ఏముంది సార్ అని అడిగాడు. ఆయన జేబులోంచి మిడత గుర్తు చాకు తీసి, పిడి అతని వైపు తిప్పి, గర్వంగా చేతికే ఇచ్చారు. మళ్ళీ దుకాణానికి వచ్చాననుకున్నారేమో. అంతకు ముందు వారమే దానితో వేలు కోసుకున్నారు గనక, ఇక అది ఇంటికి వద్దు మమ్మీ, నా ఆఫీసులోనే ఉంచుతా అంది అమ్మాయి. నేనూ సరేనన్నాను. ఆ రోజు నుంచీ ఆయన జేబు తడుముకోవడమే, పరేషాన్ అవడమే. చాకు లేదు గనక కాగితాల మీద పడ్డారు. వేళ్ళు ఆగేవి కావు. ఒక నూనె కాగితం మడత దగ్గర చిరిగి రెండయితే, ఆ ముక్కలు అటొకటి ఇటొకటి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అమ్మాయి అది చూసింది. పెట్టెకు చెదల మందు కొట్టించి తెస్తానని కారులో పెట్టుకుపోయింది, నేను నమ్మాను.

ఆదివారం మధ్యాహ్నం దుప్పటి పరిచి ఆ ప్లాస్టిక్ కట్ట మేమిద్దరం ఆయన ముందు పెట్టాం. ఒకటి తీసుకున్నారు. బొటనవేలు అంచు మీద జారిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తిరగేశారు. కిటికీ వెలుతురు దాని మీద పడి బొమ్మ కనబడక తల అటూ ఇటూ తిప్పారు. ఇంకోటి తీసుకున్నారు, ఇంకోటి. తర్వాత అన్నీ ఒక పక్కకు నెట్టి, మర్యాదగా, ఇవి మనయి కావు అన్నారు. మీవే డాడీ, ఇగ ఎప్పటికీ చిరగవు అని అమ్మాయి దగ్గరికి జరిగి ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాన్ని ఏమని తిట్టను? ప్రేమతో చేసింది. అడిగి చేసుంటే బాగుండేది, అంతే.

నేను ఒక అట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళి అంచు కత్తిరించి, పొరను మెల్లగా లేపి చూశాను. ఎన్ని గాయాల మీది పట్టీలు ఊడదీసిన చేతులో ఇవి, నొప్పి తెలియకుండా తీస్తానని పేరు కూడా ఉండేది. పొరతో పాటే మిడత కాళ్ళు లేచొచ్చాయి. వాసన చూశాను. ఏమీ లేదు, కాలిన ప్లాస్టిక్కు తప్ప. పెట్టెలో ఏమైనా మిగిలిందేమోనని తల దూర్చి చూస్తే ఘాటైన చెదల మందు. ఇప్పటి కాలంలో ప్రతిదీ చిరగకుండా, తడవకుండా, మరక పడకుండా చేసుకునే వీలుంది. మనం చూసినవి చిరిగేవి, నూనె అంటేవి, ముట్టుకుంటే మన వేలికీ కొంచెం వచ్చేవి. ఏది మంచిదని అడిగితే మా అమ్మాయితో నేను వాదించి గెలవలేను.

సాయంత్రం టీ పట్టుకెళ్ళేసరికి ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని, ఒళ్ళో ఆ కట్ట పెట్టుకుని ఉన్నారు. నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు, ఆయన దుకాణాల ముందు నిలబడి నవ్వే నవ్వు. టీ గ్లాసు కిటికీలో పెట్టేదాకా ఓపిగ్గా ఆగి, పైనున్న మిడత బొమ్మ అట్ట తీసి, రెండు చేతులతో నా చేతిలో పెట్టారు.

"తీస్కోండమ్మా," అన్నారు. "మంచి సరుకు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా చేతికిచ్చిన మొదటి కత్తి అది. దాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి, కొనడానికి వచ్చినదానిలాగే అటూ ఇటూ చూశాను. ఆయన నా మొహంలోకి, సరుకు నచ్చిందా లేదా అన్నట్టు చూస్తున్నారు. బాగుందండీ అన్నాను. తర్వాత వంగి, దాన్ని ఆయన పక్కన దుప్పటి మీద పెట్టి, అక్కణ్ణుంచి నేనే మళ్ళీ తీసుకున్నాను.

మా ఇద్దరి మధ్యా తగవు రాకూడదు కదా.