రాయి వెనక మా బావ

రాకుమారుడు రాకుమార్తె చెయ్యి పట్టుకుని, "ఇక నాలో జంతువు అనేదే మిగల్లేదు ప్రియా" అన్న మరుక్షణం అతని వెనకున్న రాయి తుమ్మింది.

ఒక్కసారి తుమ్మి ఊరుకుంటే ఎవరో ప్రేక్షకుడి ఖాతాలో పడిపోయేది. రెండోసారి కూడా తుమ్మింది. ఆ తుమ్ముకి రాయి ఇంత ముందుకు జరిగింది కూడా. మొదటి వరసలోని ఒక పాప తల్లి వైపు తిరిగి, "అమ్మా, రాయికి జలుబు చేసింది" అని హాలంతా వినపడేలా చెప్పింది. రాకుమారుడు తడబడలేదు, అనుభవం ఉన్నవాడు. "భయపడకు ప్రియా, ఈ కొండగాలి ఇలాగే ఉంటుంది" అని సొంతంగా ఒక ముక్క కలిపేశాడు. మరిచిన మాటలందించే ప్రాంప్టరుగా పక్కతెర చాటున కూర్చున్న నేను ఆ ముక్క ఏ పేజీలో ఉందా అని కాసేపు కంగారుగా వెతికాను.

తుమ్మింది మా బావ. అంటే మా అక్క మొగుడు.

పిల్లల నాటకాల కంపెనీ మాది. ఎలుగుబంటి రాకుమారుడిగా మారిపోయే నాటకం మాకు అన్నం పెట్టింది. మారడమంటే పెద్ద మాయేం కాదు. ఎలుగుబంటి మూలుగుతూ అట్టరాయి వెనక్కి వెళుతుంది. దీపాలు ఒకసారి ఆరి వెలుగుతాయి. అక్కడ ముందే దాక్కుని ఉన్న రాకుమారుడు తళతళలాడుతూ బయటికి దూకుతాడు. పిల్లలు "హా" అంటారు. మరి ఎలుగుబంటి ఏమైందని ఒక్కరూ అడగరు. ఏమీ కాదు. రాయి వెనకే గొంతుక్కూర్చుని ఉంటుంది. అక్కణ్ణుంచి పక్కతెర దాకా మధ్యలో ఖాళీ, కదిలితే జనానికి కనబడిపోతుంది. అందుకని పెళ్ళి, విందు, రాజుగారి దీవెన, ఆఖరి పాట, అన్నీ అయ్యేదాకా మా బావ ఆ తోలులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి. దగ్గకూడదు. కాలు తిమ్మిరెక్కితే అది కాలు సొంత సంగతి.

తల కూడా తియ్యకూడదు. పిల్లలున్నచోట జంతువు తల తియ్యకూడదన్నది మా కంపెనీ కట్టుబాటు. ఆట అయిపోయి అందరూ వరసగా నిలబడి వంగేటప్పుడు కూడా మా బావ ఎలుగుబంటి తలతోనే వంగాలి. చప్పట్లు ఆ తలకే చెందుతాయి. లోపలికి అవి దూదిలో పడ్డ గులకరాళ్ళలా వినపడతాయని ఆయనే ఒకసారి చెప్పాడు.

తుమ్ముల రోజు ఆట అయ్యాక మేనేజరు గ్రీన్‌రూమ్‌కి వచ్చాడు.

"ఏమయ్యా తోలాయనా, ఎక్కడైనా రాయి తుమ్ముతుందా?"

"బొచ్చు ముక్కులోకి పోయిందండి."

"ఎవరి బొచ్చు?"

"ఎలుగుబంటిదేనండి. ఊడిపోతోంది."

"అలాంటప్పుడు ఎలుగుబంటిగా ఉన్నప్పుడే తుమ్మేసెయ్యాలి. రాయి అయ్యాక తుమ్మితే ఎలా?"

మా బావ ముక్కు మీద ఇంకా అంటుకుని ఉన్న బొచ్చు తీసి పక్కన పెట్టాడు.

ఆయన్ని కంపెనీలో అందరూ తోలాయన అనేవారు. కానీ చేరింది తోలుతో కాదు, మొహంతో. మంచి మొహం. మా అక్క ఆ మొహం చూసే "ఊఁ" అంది. వచ్చిన కొత్తలో మంత్రి కొడుకు వేషం వేసి, ఉన్న నాలుగు ముక్కలూ గంట కొట్టినట్టు చెప్పాడు. అంతలో ఎలుగుబంటి వేసే మనిషి మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "ఒక్క వారం సర్దుకోవయ్యా" అన్నాడు అప్పటి మేనేజరు. ఆయన పోయాడు, ఆయన కొడుకు మేనేజరయ్యాడు, కాలు విరిగినవాడు తాతయ్యాడు. ఆ వారం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

పైగా ఒక్క ఎలుగుబంటితో పోలేదు. ఏటా ఏదో ఒక దేశపు కథ తెచ్చేవాళ్ళం. ఏ దేశంలో చూసినా ఎవరో ఒకరు ఏదో ఒకటిగా మారిపోతూనే ఉంటారు. నిండు చందమామ రాగానే తోడేలయ్యే మనిషి కథ వేశాం. మనిషి రాకుమారుడు, తోడేలు మా బావ. చలి సముద్రాల వైపునుంచి సీల్ అనే నీటిజంతువు కథ ఒకటి వచ్చింది. ఒడ్డున తోలు విప్పి ఆడపిల్లగా మారుతుంది, జాలరి ఆ తోలు దాచేసి ఆ పిల్లని పెళ్ళాడతాడు. పిల్ల వేరే అమ్మాయి, తోలు మా బావ. తన ఈకలే పీకి మొగుడికి గుడ్డ నేసిపెట్టే కొంగ కథలో ఆయన తెల్లగుడ్డ వెనక రెక్కలు కొట్టుకునే నీడ. మొగుడింట్లో తోక దాచుకోలేక దొరికిపోయే నక్క కథలో అయితే ఆయన తోక. అచ్చంగా తోక ఒక్కటే. బల్ల కింద పడుకుని, పైన నక్క పిల్ల సిగ్గుపడినప్పుడల్లా తోక ఆడించాలి. ఆ తోక ఎంత సిగ్గుపడేదంటే, ముందు వరస ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవారు. పువ్వులు మాత్రం పై అమ్మాయికి వచ్చేవి.

ఒకరోజు హాలు ఎదురుగా టీ తాగుతుండగా బావ ఉన్నట్టుండి అన్నాడు.

"ఒరేయ్, ఒకటి గమనించావా? ఏ దేశం కథైనా తీసుకో. తోలు ఒకరిది. దాచేది ఇంకొకరు, తగలబెట్టేది మరొకరు. తొడుక్కున్నవాణ్ణి మాత్రం 'నీకెలా ఉండాలనుందిరా' అని ఒక్క కథలోనూ అడగలేదు."

"అడిగితే కథ అక్కడే అయిపోతుంది కదా బావా."

"అదే మరి. అందుకే అడగరు."

ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైంది మనమంతా చిన్నప్పుడు విన్న బంగారు లేడి. అది లేడి కాదు, వేషం మార్చిన రాక్షసుడు. "బాణం తగిలి పోయేటప్పుడు వాడి ఒళ్ళు వాడికి తిరిగొచ్చింది. గొంతు రాలేదు పాపం. ఆఖరి కేక కూడా ఇంకొకడి గొంతుతోనే పెట్టాడు" అని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. టీ ఎప్పుడో అయిపోయింది.

ఇంట్లో సంగతి మా అక్క నోటే వినాలి. "మీ బావకి కూర నచ్చిందో లేదో భుజాలు చూసి తెలుసుకోవాలిరా. ఎడమది లేచిందంటే ఉప్పెక్కువైనట్టు. రెండూ దిగాయంటే నేను పుట్టింటికి పోయినా ఫరవాలేదన్నట్టు. మొహం ఉంది, ఏం లాభం, ఖాళీ అద్దె ఇంటికి తగిలించిన తాళంలా!" నవ్వుతూనే అనేది. నవ్వు అయ్యాక మాత్రం గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేది.

తుమ్ముల మర్నాడు మేనేజరు దర్జీ పిన్నిని పిలిచి తోలు చూపించాడు. ఆవిడ దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పింది, దులిపింది, తనూ తుమ్మింది. "అసలు తోలెక్కడుంది బాబూ, అన్నీ నా అతుకులే. ఇంకో ఆట, అంతే. ఆ పైన దేవుడే కుట్టాలి" అంది. అదే సమయానికి రాకుమారుడికి టీవీలో మామగారి వేషం దొరికింది. వయసుకి తగినదే. అతనూ వెళ్ళిపోతానన్నాడు. సరే, ఒక్క ఆఖరి ఆట వేసి నాటకాన్ని మూసేద్దాం అనుకున్నారు. దానికి రాకుమారుడు ఎవరన్నది మిగిలింది.

అప్పుడు మా బావ నోరు విప్పాడు. భుజం కాదు, నోరు.

"ఇద్దరెందుకండి? ఎలుగుబంటీ నేనే, రాకుమారుడూ నేనే. రాయి చాటు వద్దు. అందరి ముందూ తోలు విప్పి బయటికొస్తాను."

మేనేజరు ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపు నెత్తి దగ్గర కాసేపు ఆగింది.

"జుట్టేదయ్యా?"

"విగ్గుందండి."

కొత్తవాణ్ణి వెతికే శ్రమ తప్పుతుందనుకున్నాడో ఏమో, కానిమ్మన్నాడు. బయటికి వచ్చాక బావ నా భుజం పట్టుకున్నాడు. "ఒక్కసారి మొహంతో వంగుతానురా. ఒక్కసారి. మీ అక్కని మూడో వరసలో కూర్చోబెట్టు. మరీ ముందైతే చెమట కనబడుతుంది."

ఇక ఇంట్లో రిహార్సల్సు మొదలయ్యాయి. వంటింట్లోంచి అక్క కేకేసింది.

"అద్దంలో ఎవరితోనండీ మాటలు?"

"రాకుమారుడితో."

"వస్తూ వస్తూ ఆయన్ని కాస్త ఉల్లిపాయలు తెమ్మనండి."

వెటకారమే. కానీ ఆ రోజు అక్క మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకోవడం నేను చూశాను.

హాల్లో రిహార్సల్ వేరేలా నడిచింది. తోలు విప్పాడు, ముక్క చెప్పాడు. గొంతు అప్పటిలాగే గంట. ఒళ్ళూ బాగానే ఉంది. భుజాలు సంతోషిస్తున్నాయి, మెడ ప్రేమిస్తోంది. ఆ కబురు మొహానికి మాత్రం అందలేదు. ఇన్నేళ్ళు చీకట్లో ఉన్న మొహం, ఎవరికీ చూపించే పని పడని మొహం, దానికి ఏం చెయ్యాలో తెలియలేదు.

"నవ్వవయ్యా!" అని అరిచాడు మేనేజరు.

"నవ్వుతున్నానండి."

"ఎక్కడ?"

మా బావ చేత్తో బుగ్గ తడిమి చూసుకున్నాడు, నిజంగానే వెతుకుతున్నట్టు. అందరం నవ్వాం. తర్వాత ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు.

ఆఖరి ఆటకి హాలు నిండింది. గోడల మీద పోస్టర్లు: 'ఎలుగుబంటిలోంచి రాకుమారుడు! మీ కళ్ళ ముందే!' అక్క మూడో వరసలో ఇస్త్రీ చీరతో కూర్చుంది. ఎలుగుబంటి ఆ రోజు నడిచిన నడక నేనెప్పుడూ చూడలేదు. పిల్లలు కుర్చీల మీదికి ఎక్కారు. ఆ మూలుగుకి నేను పేజీ తిప్పడం మర్చిపోయాను.

రంగస్థలం మధ్యలో ఆగింది. లోపలినుంచి కొక్కేలు ఒక్కొక్కటీ ఊడుతున్న చప్పుడు నాకు వినపడింది. రెండు చేతులతో తల పైకెత్తి తీసేశాడు. విగ్గు ఆ తలలోనే ఉండిపోయింది. తోలు కాళ్ళ చుట్టూ కుప్పకూలింది. అందులోంచి, జరీ చొక్కా ఒంటికి అతుక్కుపోయి, నెత్తిమీద ఆవిరి లేస్తూ, ఎలుగుబంటిలాగే పాదాలు లోపలికి తిప్పుకుని మా బావ నిలబడ్డాడు.

"ఇక నాలో జంతువు అనేదే మిగల్లేదు ప్రియా."

ఒక్క అక్షరం తడబడలేదు. నేను అందించాల్సిన పనే పడలేదు. కూతురి వయసున్న రాకుమార్తె ఎటు చూడాలో తెలియక అట్టరాయిని చూసింది.

మూడో వరసలో మా అక్క రెండు చేతులూ ఒకసారి చప్పుడు చేశాయి. పక్కన ఇంకెవరూ కలవలేదు. రెండో చప్పట్టు కోసం తీసిన చేతులు అలాగే ఒళ్ళోకి దిగిపోయాయి.

"ఎలుగుబంటి ఏదీ?" అని ఒక పిల్లాడు అడిగాడు.

అంతే. ఒకడు ఏడుపు మొదలెట్టాడు. ఇంకొకడు "ఎలుగుబంటి కావాలి" అన్నాడు. "తాతయ్యని మళ్ళీ లోపలికి పొమ్మనండి" అని ఒక చిన్నపిల్ల చాలా మర్యాదగా కోరింది. హాలంతా ఏడుపులు, సముదాయింపులు. మేనేజరు నా వీపు వెనక్కి పరుగెత్తుకొచ్చి, "తల పెట్టమను! తల పెట్టమను!" అని చెవిలో మొత్తుకున్నాడు.

నా ఉద్యోగం అందించడం. అందించాను.

"బావా, తల."

ఆయన నా వైపు తిరిగాడు. అప్పుడు ఆ మొహంలో కదలిక వచ్చింది. కళ్ళు, పెదాలు, గడ్డం, అన్నీ ఒక్కసారి. రిహార్సల్లో అదే వచ్చుంటే మేనేజరు ఎంత సంతోషించేవాడో.

వంగి తల తీసి పెట్టుకున్నాడు. హాలు దద్దరిల్లిపోయింది. పిల్లలు ఎగిరారు, ఈలలేశారు. పైన ఎలుగుబంటి, కింద జరీ చొక్కా. ఆ చప్పట్లకి ఎలుగుబంటి వంగింది.

ఆట వదిలాక వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు, తల ఒళ్ళో పెట్టుకుని. అక్క పక్కన కూర్చుని దాని లోపలినుంచి విగ్గు బయటికి లాగి, వేళ్ళతో చిక్కు తీసింది. "బానే ఉంది, పాడవలేదు" అంది, అడక్కుండానే. ఆయన భుజాలు ఎటూ కదల్లేదు. కాస్త దూరంలో మేనేజరు దర్జీ పిన్నితో బేరమాడుతున్నాడు. "పిల్లలకి ఎలుగుబంటే కావాలంటున్నారు కదా పిన్నీ. ఇంకొన్ని అతుకులేస్తే ఒక్క వారం రాదూ?" ఆ మాట బెంచీ దాకా వినపడింది.

అంతలో ఒకావిడ, ఏడ్చి ఎర్రబడ్డ పిల్లాణ్ణి చేత్తో పట్టుకుని, జరీ చొక్కా చూసి గుర్తుపట్టి, నేరుగా మా బావ ముందుకొచ్చి నిలబడింది.

"మీరేనా అండీ? పోస్టరు మీద ఎలుగుబంటిలోంచి రాకుమారుడు వస్తాడని రాశారు. తీరా చూస్తే మీరొచ్చారు! ఇంటికెళ్ళాక వీడు అడిగితే నేనేం చెప్పను?"

మా బావ పిల్లాడి వైపు చూసి, తర్వాత ఆవిడ వైపు చూసి, మెల్లగా అన్నాడు:

"లోపల ఎవరుంటే వాళ్ళే వస్తారని చెప్పండమ్మా."