పెంకులాయన వేళ్ళు

మా గోడ పక్క షెడ్డులో ముప్పై ఏళ్ళపాటు బల్లలు, బీరువాలు చేసిన మనిషి పోయి ఏడాది కావస్తోంది. పత్రికలవాళ్ళు ఆయన గురించి పేజీలకి పేజీలు రాశారు. ఆఖరి బీరువా ఫొటో వేసి, ఆ నునుపంతా ఆయన వేళ్ళ మహిమ అన్నారు. ఆ మహిమ సంగతి నాకు తెలుసు. నా కడుపులో మాట నిలవదని వీధంతా నవ్వుతుంది గానీ, ఈ ఒక్కటీ ఇన్నాళ్ళూ నిలిచింది.

ఆయన్ని మేం పెంకులాయన అనేవాళ్ళం. ఇంటింటికీ వచ్చి కోడిగుడ్డు పెంకులు అడిగి పట్టుకుపోయేవాడు. కొత్తలో ఏం చేసుకుంటాడో తెలియక నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు పెంకుల గిన్నె నేనే తీసుకెళ్ళి, ఇచ్చి ఊరుకోకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఏంటక్కా, ఇంకా ఏమైనా ఇవ్వాలా?"

"ఇచ్చేది అయిపోయింది. ఇక చూసేదే మిగిలింది."

నవ్వి చూపించాడు. పెంకు లోపలి పొర ఒలిచి, గోరంత ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ పట్టకారుతో చెక్కమీద అతికిస్తాడు. పైన పూత వేస్తాడు. ఆరాక నీళ్ళు చల్లి గరుకు కాగితంతో రుద్దుతాడు. మళ్ళీ పూత, మళ్ళీ రుద్దుడు. అలా పదిహేడు సార్లు. చేప తోలు, గడ్డిపరకలు, తుప్పు పట్టిన రేకు, మనం ఊడ్చి పారేసేవన్నీ ఆయన చేతిలో పడితే గొప్పింటి హాల్లో కూర్చునేవి. ప్రతి పూత తర్వాతా కళ్ళు మూసుకుని వేలికొసలతో తడిమేవాడు. "మెరుపు కంటిని మోసం చేస్తుందక్కా. వేలిని చెయ్యలేదు" అనేవాడు.

భార్య ముందే పోయింది. ఒక్కతే కూతురు. ఆ పిల్ల షెడ్డులోనే రంపపు పొట్టులో పాకి పెరిగింది. పెద్దయ్యాక కొనేవాళ్ళతో మాట్లాడడం, సరుకు పంపడం అంతా తనే చూసుకునేది.

తర్వాత ఆయనకి పెద్ద జబ్బు చేసింది. ఆసుపత్రిలో నెలల తరబడి మందులెక్కించారు. జబ్బు వెనక్కి తగ్గింది. ఇంటికొచ్చిన రోజే కూతురు చెప్పేసింది.

"నాన్నా, ఆ వాసనలు, ఆ దుమ్ము ఇంక వద్దు. నీ చెయ్యి మునుపట్లా ఉంటేనే షెడ్డు. లేదంటే తాళమే."

"నా చేతికేం? దివ్యంగా ఉంది" అన్నాడు.

వారం తిరక్కుండానే అసలు సంగతి నాకు దొరికింది. పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ, స్టీలు గ్లాసులో పోసి, గుడ్డతో పట్టుకెళ్ళి బల్లమీద పెట్టాను. ఆయన వట్టి చేత్తో అందుకుని, కబుర్లు చెబుతూ అలాగే పట్టుకున్నాడు. వేళ్ళు ఎర్రగా కందిపోతున్నాయి.

"తమ్ముడూ, చెయ్యి కాలుతోందయ్యా!"

అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నాడు. గ్లాసు మెల్లగా దించాడు.

"మందుల వల్లట. వేలికొసలు చచ్చుబడ్డాయి. ఇక స్పర్శ రాదంటున్నారు." గొంతు తగ్గించి అడిగాడు, "అక్కా, నీ నోటికి తాళం ఉందా?"

"లేదు. నీకోసం కొనుక్కుంటాలే."

అలా నేను ఆయన వేళ్ళనయ్యాను. యాభై ఏళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరిన వేళ్ళు నావి. ఎవరో చాలాకాలంగా అడుగుతున్న నిలువెత్తు బీరువా మొదలుపెట్టాడు. తెల్లపెంకులూ గోధుమరంగు పెంకులూ కలిపి తెల్లవారే ఆకాశం. పూత ఆయనే వేసేవాడు, రుద్దేదీ ఆయనే. కూతురు పనిమీద బయటికెళ్ళగానే గోడమీంచి దగ్గేవాడు. నేను వెళ్ళి కళ్ళు మూసుకుని తడిమేదాన్ని.

"ఇక్కడ ఇసుక తగులుతోంది. ఇదిగో, ఇక్కడ గుంట."

నేను చూపించిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని మళ్ళీ రుద్దేవాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. ఆ షెడ్డు పోతే తనకి పొద్దు గడవదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

పదిహేడో పూత రుద్దిన రోజున మనిషి బాగా వాడిపోయాడు. పెదవులు పాలిపోయాయి, నిలబడడానికి బల్ల పట్టుకోవాల్సొచ్చింది. ఎడమ తలుపు కింది మూల నా వేలికి ఆవగింజలో సగమంత పలుకు తగిలింది. చెబితే తలుపంతా మళ్ళీ రుద్దాలి, మళ్ళీ పూత వెయ్యాలి, నాలుగు రోజులు ఆరాలి. ఆయన మొహం చూశాను.

"వెన్నలా ఉంది తమ్ముడూ."

"నిజంగానా?"

"నిజంగానే."

పొట్టులోనే చతికిలబడి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మర్నాడు పొద్దున కూతురు బీరువా చూడ్డానికొచ్చింది. నేనూ చేరాను, చేరకుండా ఎలా ఉంటాను? చేత్తో నిమురుతూ, "అబ్బ, నాన్నా!" అంటూ అంటూ ఎడమ మూల దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు తడిమింది. తండ్రి వంక చూసింది. ఆయన చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్ళి తలుపు నడిమధ్యన పెట్టింది. అక్కడ అద్దంలా నున్నగా ఉంటుంది.

"నాన్నా, ఇక్కడ గరుకుంది. తెలుస్తోందా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు, ఎప్పట్లాగే. కాసేపు నిమిరాడు.

"ఆ, తెలుస్తోందమ్మా. నిన్న నా ధ్యాస ఎక్కడుందో, ఆ ఒక్కచోటా వదిలేశాను."

ఆ పిల్ల ఆయన చెయ్యి వదల్లేదు. అదే చేతిమీద మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆయనకి అర్థమైంది. నా వైపు ఒక్కసారి చూశాడు గానీ, నా ఊసెత్తలేదు.

తాళంచెవి ఆయనే తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఎడమ తలుపు తనే రుద్ది, పూత వేసి, ఆరబెట్టి బీరువా పంపేసింది ఆ పిల్ల. పత్రికలో పడింది అదే.

షెడ్డు మూతపడ్డాక ఆయన వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. ఏడాది తిరక్కుండా జబ్బు మళ్ళీ వచ్చింది, మంచం పట్టాడు. నేను రోజూ వెళ్ళేదాన్ని. ఆ మూల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం, కూతురు మందులకి వెళ్ళినప్పుడు, నన్ను దగ్గరికి పిలిచాడు.

"అక్కా, అబద్ధం చెప్పకు. ఆ పలుకు ఆరోజు నీ వేలికి తగిలిందా, తగల్లేదా?"

"తగిలింది తమ్ముడూ. నువ్వు నిలబడలేకపోతుంటే చూడలేక..."

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య. నీ వేళ్ళు కూడా పోతున్నాయేమోనని ఇన్నాళ్ళూ బెంగపెట్టుకున్నాను."

ఆ మాట అంటూ నా చెయ్యి తీసుకున్నాడు. ఎంత గట్టిగా నొక్కుతున్నాడో ఆయనకి తెలియదు. నొప్పెట్టింది. నేను లాక్కోలేదు.